కిర్క్‌పాట్రిక్ దొర నేపాళ రాయబారము

దేశచరిత్ర రచనకు శాసనములు, నాణెములు, తాళపత్రములు ఎట్లు ఆధారములో, పరదేశీయులు వ్రాసిన యాత్రావృత్తాంతములును అట్లే ఆధారములు. నిత్యము కన్నుల యెదుట నుండు వస్తువు ఇంటివారికి వ్రాయదగినదిగా తోపదు. అతిథికి అదియే వింతగా కనబడును. అతడు వ్రాసికొని పోవును. చంద్రగుప్త మౌర్యుని పాటలీపుత్రమును గూర్చి నేడు మనము చెప్పుకొను మాటలలో కొన్ని గ్రీకు రాయబారి మెగస్తనీసు వ్రాతనుండి వచ్చినవి. విజయనగరపు అంగళ్ళను, మహానవమి ఉత్సవములను కన్నులకు గట్టినట్లు తెలిపినవారు పోర్చుగీసు దేశీయులైన పేసు, నూనిజులు. మన గ్రంథాలయ చందాదారులు ఈ పేర్లెరుగనివారు కారు. వారంతగా మనవారి చెవిని పడని సైనికోద్యోగి యొకడు కలడు. అతడు యుద్ధసమయమున రాయబారిగా నియుక్తుడయ్యెను. వెడలిన పని నెరవేరలేదు. కాని చూచినది, విన్నది పదిలముగా వ్రాసియుంచెను. ఆ వ్రాత కథ యేమో, దానివలన మనము గ్రహింపదగిన దేమో ఈ వ్యాసమున విన్నవించుచున్నాను.

రాయబారి యనువాడు కేవలము మాట మోయువాడు కాడని మన పూర్వు లెరుగుదురు. సీతాన్వేషణమునకై లంక కేగిన హనుమంతుడు అమ్మవారి కుశలమును మాత్రమే తెచ్చి యూరకొనలేదు. యుద్ధకాండారంభమున శ్రీరాముడు లంకాదుర్గమును గూర్చి ప్రశ్నింపగా, ద్వారములెన్ని, అగడ్తలెట్టివి, వంతెనలెట్టివి, కాపున్న సేన యెంత యని వరుసగా విన్నవించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతప్రణిధి యను ప్రకరణమున, దూత దారిలో అటవీపాలకులతోను, సరిహద్దు కాచువారితోను స్నేహము చేయవలెననియు, పరరాజు కోటలను, సేనను, ధనధాన్యములను కనిపెట్టవలెననియు విధించెను. కావున దూతకు నోరెంత ముఖ్యమో కన్నులంత ముఖ్యము. ఆతిథ్యమిచ్చువాడు ఈ సంగతి నెరిగియే ఆతిథ్యమిచ్చును. ఇరువురి నడుమ మర్యాద యుండును. ఆ మర్యాద వెనుక అనుమానమును ఉండును. మనము చెప్పబోవు కథయంతయు ఈ రెంటి నడుమ నడచినదే.

ఆ సైనికోద్యోగి పేరు విలియం కిర్క్‌పాట్రిక్. ఈయన 1754లో జన్మించి, 1771లో ఈస్టిండియా కంపెనీవారి బంగాళపు సేనలో చేరెను. కత్తికంటె కలమునందు ఆసక్తి హెచ్చు. పారశీక భాషను శ్రద్ధగా నేర్చి, సేనాధిపతికి ద్విభాషిగా పనిచేసెను. టిప్పు సుల్తానుతో 1791, 1792 సంవత్సరములలో జరిగిన యుద్ధమున గవర్నరు జనరలు కారన్‌వాలిసు వెంట నుండి పారశీక లేఖల వ్యవహారమును చూచెను. తెలుగువారికి ఈ కుటుంబముతో ఒక సంబంధము కలదు. నేపాళమునుండి మరలిన కొంతకాలమునకు ఈయన హైదరాబాదున నిజాము దర్బారులో కంపెనీ రెసిడెంటుగా నుండెను. 1795లో నిజాము మహారాష్ట్రుల చేతిలో ఓడిన ఖర్దా యుద్ధము ఈయన కాలముననే జరిగెను. 1797లో అనారోగ్యముచే ఆ పదవిని వీడగా సవతి తమ్ముడు జేమ్సు అకిలీసు కిర్క్‌పాట్రిక్ దానిని స్వీకరించెను. హైదరాబాదు కోఠీలో పెద్ద స్తంభములతో నిలిచియున్న రెసిడెన్సీ భవనమును కట్టించిన దా తమ్ముడే. తరువాతి కాలమున స్త్రీల కళాశాలకు నెలవైన ఆ భవనమును మనలో ననేకులు చూచియుందురు.

ఇక నేపాళము సంగతి. పర్వతముల నడుమ గిన్నెవలె నుండు ఒక లోయకు పూర్వము నేపాళమని పేరు. అందు ఖాట్మండు, లలితపురమనబడు పాటన్, భక్తపురమనబడు భాత్‌గావ్ అను మూడు నగరములు మూడు మల్లరాజవంశముల క్రింద నుండెడివి. అచ్చటి పూర్వప్రజలు నేవారులు. లోయకు పశ్చిమమున గోర్ఖా యను చిన్న కొండరాజ్యమును పృథ్వీనారాయణ షా యేలుచుండెను. ఆయన ఓపికతో ఒక్కొక్క కనుమను మూసి, ఉప్పు, పత్తి లోపలికి పోకుండ అడ్డగించి, 1768, 1769 సంవత్సరములలో మూడు నగరములను వశపరచుకొనెను. మల్లరాజు జయప్రకాశుని ప్రార్థనపై 1767లో కంపెనీవారు కాప్టెన్ కిన్లాకును కొంత సేనతో పంపిరి. అడవిజ్వరము, ఆహారలోపము ఆ సేనను దారిలోనే కూల్చినవి. నాటినుండి గోర్ఖా ప్రభువులకు తెల్లవారిపై నమ్మకము లేకపోయెను. తమ రాజ్యము ఉత్తరమున చీనా, దక్షిణమున కంపెనీ యను రెండు బండల నడుమ చిక్కిన దుంపవంటిదని పృథ్వీనారాయణుడు తనవారికి బోధించెనని ప్రసిద్ధి. ఆయన 1775లో మరణించెను.

కిర్క్‌పాట్రిక్ రాయబారమునకు కారణమైన యుద్ధము నాణెము వలన పుట్టినది. లెక్కలు వ్రాయు వృత్తిలో నున్న నాకు ఈ భాగము మిక్కిలి ఆసక్తికరముగా తోచినది. టిబెట్టు దేశమునకు చిరకాలము స్వంత వెండి నాణెము లేకుండెను. టిబెట్టువారు వెండిని పంపగా నేపాళపు మల్లరాజులు నాణెములు ముద్రించి యిచ్చి, అందుపై లాభము పొందుచుండిరి. కడపటి మల్లరాజులు యుద్ధవ్యయములకు తాళజాలక వెండిలో రాగిని కలిపిరి. గోర్ఖాలు రాజ్యమునకు వచ్చి మేలైన వెండితో క్రొత్త నాణెమును ముద్రించి, పాత కల్తీ నాణెములను తక్కువ విలువకు మార్చుకొనుడని టిబెట్టువారిని నిర్బంధించిరి. దేశమంతట చెల్లుచున్న నాణెమునకు ఒక్కమారుగా విలువ తగ్గినచో వర్తకుని పెట్టెలోని సొమ్ము కరగిపోవును గదా! టిబెట్టువారు ఒప్పుకొనలేదు. టిబెట్టునుండి వచ్చు ఉప్పులో మన్ను కలియుచున్నదని నేపాళీయులు ఆక్షేపించిరి. ఈ కలతలు ముదిరి 1788లో నేపాళసేన హిమాలయములను దాటినది. మరుసటి యేట సంధి కుదిరి, టిబెట్టు ఏటేట కప్పము చెల్లింప నొప్పుకొనెను. కాని ఆ కప్పము సరిగా చెల్లలేదు.

1791లో నేపాళసేన మరల దాటి, శిగాచే వద్దనున్న తాషీలున్‌పో యను మహామఠమును దోచుకొనెను. ఆ మఠము పంచెన్ లామా పీఠము; చీనా చక్రవర్తికి పూజ్యస్థానము. చక్రవర్తి చియన్‌లుంగ్ కోపించి, ఫూకాంగాన్ అను సేనానిని పంపెను. 1792లో చీనాసేన మంచుకనుమలను దాటి, నేపాళ లోయకు చేరువనున్న నువాకోట దాపునకు వచ్చెను. రాజు రణబహదూరు షా అప్పటికి పదునేడేండ్లవాడు. రాజ్యభారమును మోయుచున్న పినతండ్రి బహదూరు షా కంపెనీ సాయమును కోరెను. ఆ యేడు మార్చిలోనే కాశీ రెసిడెంటు డంకను ద్వారా కంపెనీతో వర్తకపు ఒడంబడిక జరిగియుండెను. ఇంకొక వైపున, గోర్ఖాలకు సాయపడవలదని దలైలామా నుండియు కారన్‌వాలిసునకు లేఖ వచ్చెను. కాంటను రేవులో కంపెనీకి తేయాకు వర్తకము గొప్పది. అదే సంవత్సరమున మెకార్టినీ ప్రభువు ఇంగ్లండునుండి చీనా చక్రవర్తి కడకు రాయబారిగా బయలుదేరుచుండెను. కావున కారన్‌వాలిసు ఆయుధసాయమును నిరాకరించి, మధ్యవర్తిత్వమును నెరపుదునని మాత్రము తెలిపెను. ఆ మధ్యవర్తిగా ఎన్నికైనవాడే కాప్టెన్ కిర్క్‌పాట్రిక్.

అయితే రాయబారి పాట్నాలో నుండగానే యుద్ధము ముగిసినది. 1792 శరత్కాలమున నేపాళము చీనాతో సంధి చేసికొని, అయిదేండ్ల కొకమారు కానుకలతో పెకింగునకు దూతలను పంపుట కంగీకరించెను. (ఈ ఆచారము 1906లో బయలుదేరిన కడపటి దూతబృందము వరకు నిలిచెను.) ఇక మధ్యవర్తితో పని లేదు. కాని కంపెనీవారు రాయబారమును మానలేదు. వర్తకపు ఒడంబడికను బలపరచుట యను మిష నిలిచియుండెను. ఆ కొండల కావల నేమున్నదో తెలిసికొనవలెనను కోరికయు నుండెను. నేపాళీయులు మనసొప్పకయే అనుమతించిరి. 1793 తొలి మాసములలో కిర్క్‌పాట్రిక్ బయలుదేరెను. కాపుసేనకు నాయకుడుగా లెఫ్టినెంటు నాక్సు, వైద్యుడుగా ఆడం ఫ్రీరు, వ్యవహారజ్ఞుడైన మౌల్వీ అబ్దుల్ కాదిర్ ఖాన్ మొదలగువారు వెంట నుండిరి. అగ్నిని ఆర్పుటకు నియుక్తుడైనవాడు అగ్ని యారిన పిదప చేరిన చందమున, ఈ యాత్ర మొదలే పని లేని రాయబారమైనది. ఆ తీరికయే చరిత్రకు లాభమైనది.

నేపాళమునకు దక్షిణమున తరాయి యను అడవిపట్టు కలదు. ఆకాశము నంటు సాలవృక్షములు, ఏనుగుల గుంపులు, ఎత్తైన గడ్డి. వేసవి తలయెత్తినది మొదలు వర్షములు వెనుకబట్టు వరకు అందు ‘ఔల్’ అను జ్వరము కాపురముండెడిది. మన తూర్పు కనుమలలోని మన్యపు జ్వరమునకు అది తోబుట్టువు. దోమలవలన వ్యాపించు మలేరియా యని నేడు మనకు తెలియును. నాడు అడవిగాలి దోషమని తలచిరి. నేపాళ ప్రభువులకు ఈ జ్వరము జీతము లేని కావలివాడు. కావుననే రాయబారము ఫిబ్రవరిలో అడవిని దాటెను. హేతౌడా నుండి భీంఫేదీకి, అచ్చటినుండి చీసాపానీ కొండమీదుగా చిట్లాంగునకు, పిమ్మట చంద్రగిరి శిఖరమునకు దారి. ఆ దారిలో బండి నడువదు. మనిషియే బండి. పర్వతవాసులు వెదురుగంపలను వీపున మోపి, గంపకు కట్టిన పట్టెడను నొసటికి తగిలించుకొని, బరువును తలతో లాగుచు నిట్రమైన కొండల నెక్కుదురు. దొరల సామానంతయు ఇట్లే కొండ లెక్కినది.

చంద్రగిరి నెక్కి చూచినచో ఒకవైపున లోయ యంతయు పరచినట్లు కానవచ్చును. దాని కావల హిమశిఖరముల వరుస తెల్లని గోడవలె నిలిచియుండును. ఈ దృశ్యమును కిర్క్‌పాట్రిక్ మిక్కిలి మెచ్చుకొని వ్రాసెను. కాని ఆయన గ్రంథమున నన్ను హెచ్చుగా కదల్చినది ఈ వర్ణనము కాదు. తమ సామాను మోయు కూలీలలో పెక్కురకు ముక్కులు లేకుండుటను ఆయన గమనించెను. ఒకరిద్దరైనచో రోగమనుకొనవచ్చును. ఇందరికి లేకుండుట యేమని విచారించెను. అప్పుడు కీర్తిపురము కథ వెలువడినది. దారిప్రక్కన గుట్టపై నున్న ఆ నేవారు పట్టణము పృథ్వీనారాయణుని సేనలను రెండుమారులు తరిమినది. మొదటి ముట్టడిలో ఆయన సేనాని కాలూ పాండే హతుడయ్యెను. తరువాతి పోరున రాజసోదరునికి కన్ను పోయెను. మూడవ ముట్టడిలో 1766 ప్రాంతమున పట్టణము లొంగగా, రాజు ఆ యూరివారి ముక్కులను, పెదవులను కోయింపుమని యాజ్ఞాపించెనట. ఊదు వాద్యములు వాయించువారిని మాత్రము విడిచిరని నాడు నేపాళముననున్న క్రైస్తవ సన్న్యాసి యొకడు వ్రాసెను. ఈ దండనమునకు గురియైనవారి సంఖ్యను గూర్చి చరిత్రకారులలో వాదములు కలవు. కాని జరిగి పాతికేండ్లు గడచిన పిదప, ఒక పరదేశీయుడు కన్నులార చూచి వ్రాసిన ఈ వాక్యము ఆ వాదములలో గట్టి సాక్ష్యముగా నిలిచినది.

ఇందు మనము గమనింపవలసినది యున్నది. ఆ రాయబారి పృథ్వీనారాయణుని మనుమనికి అతిథి. ఆ కూలీలను కుదిర్చినవారు ఆ రాజోద్యోగులే. విజేత మహిమను పాడు స్తుతిపాఠకులు దర్బారున నుందురు. ఓడినవాని సంగతి చెప్పుటకు ఎవరును ఉండరు. ఇచ్చట ఓడినవాడు నోరు విప్పకయే తన ముఖముతో చెప్పెను. మోయువాని వైపు చూచుట, చూచి ‘ఇట్లేల యున్నది?’ యని యడుగుట, విన్నదానిని దాచక వ్రాయుట అను మూడు పనులు చేసినందుననే పేరులేని ఆ కూలీల బాధ రాజుల కథతోపాటు నిలిచినది. చరిత్రకారుని ధర్మమునకు ఇంతకంటె చక్కని దృష్టాంతము నాకు కనబడలేదు.

లోయలో దిగిన పిదప ఆయన చూపు అన్నిటిపై వ్రాలెను. ఇటుకతో కట్టి పెంకులు కప్పిన రెండు, మూడు, నాలుగు అంతస్తుల యిండ్లు, వీధివైపున చెక్కడపు కొయ్యపనితో వసారాలు, ఇరుకైన మురికివీధులు. దేవాలయముల సంఖ్య యిండ్ల సంఖ్యకు తీసిపోదని తోచునంత విస్తారముగా గుళ్ళున్నవని ఆశ్చర్యపడెను. వాగ్మతీతీరమున పశుపతినాథుని క్షేత్రము, గుట్టపై స్వయంభూ చైత్యము, హిందువులు, బౌద్ధులు ఒకరి దేవతల నొకరు కొలుచుట, ఇవన్నియు ఆయన గ్రంథమున కలవు. నేవారులు నాగలికంటె పారతో నేలను త్రవ్వి సేద్యము చేయుదురు. వడ్రంగము, కంచుపని, ఇటుకపనులలో సిద్ధహస్తులు. నేపాళమున బంగారు గనులున్నవని మైదానదేశమున నాడొక వదంతి యుండెను. అది వట్టిదనియు, బంగారము టిబెట్టునుండి వచ్చునదే యనియు, నేపాళమున దొరకునవి రాగి, ఇనుములనియు ఈయన తేల్చెను. నీలకంఠుడు హాలాహలమును మ్రింగి తాపోపశాంతికై త్రిశూలముతో కొండను పొడువగా నీరుబికెనని చెప్పు గోసాయికుండపు స్థలపురాణమును సయితము విడువలేదు. అచ్చటి పర్వతీయ భాషకు, నేవారీ భాషకు పదముల పట్టికను కూర్చెను.

పరిపాలన విషయమున ఈయన వ్రాసినది మన పూర్వపు కరణముల దస్త్రమును తలపించును. రాజునకు క్రింద చౌతరియాలు, కాజీలు, సర్దారులు, ఖరీదారులు, టంకశాల అధికారి, వారి వారి పనులు, భూమి తరగతులు, సైనికులకు జీతమునకు మారుగా జాగీరు పొలము నిచ్చు పద్ధతి. ఈ పద్ధతి మన విజయనగర రాజుల నాయంకరమును కొంత పోలియున్నది. సైనికునకు పొలమే జీతమగుటచే, క్రొత్త పొలము లేనిదే క్రొత్త సేన లేదు. క్రొత్త యుద్ధము లేనిదే క్రొత్త పొలము లేదు. గోర్ఖారాజ్యము ఏల ఏటేట తూర్పు పడమరలకు ప్రాకుచుండెనో ఈ లెక్కయే తెలుపును. కావున ఖాట్మండు ఖజానాకు నగదుగా చేరునది తక్కువ. అది సుమారు 25 లక్షలు మొదలు 30 లక్షల రూపాయల వరకు నుండునని ఆయన అంచనా. వరిమళ్ళకు అచ్చట ‘మురి’ యను కొలత కలదు. ధాన్యపు కొలతకును అదే పేరు. మన పెద్దలు పుట్టెడు భూమి, కుంచెడు నేల యని చెప్పినట్లే! రైతు, భూస్వామి పంటను చెరిసగము పంచుకొను ‘అధియా’ మన సగపాలు సేద్యమే. వేయి మైళ్ళ దూరమున, వేరొక భాషలో, సేద్యగాని కష్టమును కొలుచు కొలత యొక్కటే యైనది.

రాయబారపు ముఖ్యకార్యము నువాకోటలో జరిగినది. రాజును, బహదూరు షాను ఆయన అచ్చటనే దర్శించెను. కానుకలు మారినవి, కుశలప్రశ్నలు నడచినవి, విందులు జరిగినవి. వర్తకపు ఒడంబడికను అమలు జరుపుటను గూర్చి, కంపెనీ ప్రతినిధి యచ్చట నుండుటను గూర్చి ప్రస్తావము రాగా, మర్యాద చెడకుండ మాట తప్పించుచు వచ్చిరి. శత్రువు తలవాకిట నున్నప్పుడు రాని సాయము, శత్రువు మరలిన పిదప స్నేహహస్తమును చాచుచు వచ్చినచో గృహస్థుడు ఏమనుకొనును? వారి తప్పని నేననజాలను. పైగా వేసవి తలయెత్తుచున్నది. తరాయి జ్వరము దారిని మూయక ముందే మరలవలెను. కొన్ని వారములు మాత్రముండి, చేతికేమియు చిక్కకయే రాయబారి వెనుదిరిగెను. ఆ పర్యాయము చీనాకు వెళ్ళిన మెకార్టినీ ప్రభువు గతియు మెరుగు కాదు. కంపెనీవారు గోర్ఖాలకు తోడ్పడిరను అనుమానము అప్పటికే పెకింగునకు ప్రాకియుండెను. సాయము చేయనందున నేపాళము అలిగినది. సాయము చేసితిరని చీనా శంకించినది. ఇరువురిని సంతోషపెట్ట జూచినవాడు ఇరువురికి దూరమగుట లోకమున క్రొత్త గాదు.

కిర్క్‌పాట్రిక్ వ్రాతలు 1811లో లండనునందు గ్రంథరూపమున వెలువడినవి. టిప్పు సుల్తాను లేఖలను పారశీకమునుండి ఇంగ్లీషులోనికి మార్చి ఆయన ప్రకటించిన గ్రంథమును ఆ యేడే వచ్చెను. మరుసటి యేట ఆయన మరణించెను. నేపాళమును గూర్చి ఇంగ్లీషున వచ్చిన తొలి సమగ్రగ్రంథ మిదియే. కాని మూడేండ్లు తిరుగకమునుపే, 1814లో, కంపెనీకి నేపాళమునకు యుద్ధము పుట్టెను. 1816 ఫిబ్రవరిలో సేనాపతి ఆక్టర్‌లోనీ తరాయి నడవిని దాటి మక్వాన్‌పురము వరకు చొచ్చుకొనిపోయిన దారి, రాయబారము నడచిన దారికి చేరువయే. సుగౌలీ సంధితో నేపాళము తన రాజ్యమున పెద్ద భాగమును పోగొట్టుకొనెను. ఖాట్మండున ఆంగ్ల రెసిడెంటును ఉండనిచ్చెను. ఆ గ్రంథమే యుద్ధమును తెచ్చెనని నేను చెప్పను. సరిహద్దు గ్రామముల తగవులు దానికి కారణములు. కాని దారిని గూర్చిన జ్ఞానము ఒకమారు అక్షరరూపము దాల్చిన పిదప, దానిని యాత్రికుడు చదువునో సేనాపతి చదువునో వ్రాసినవాని చేతిలో నుండదు. నువాకోట దర్బారువారి అనుమానము ఊరకయే పుట్టినది కాదు.

ఈ కథకు రెండవ పార్శ్వము కలదు. గ్రంథాలయ సంచికకు అదియే ప్రధానము. భక్తపురమున ఒక గృహస్థుని యింట పదునైదు వేలకు మించిన గ్రంథములున్నవని కిర్క్‌పాట్రిక్ వినెను. ప్రాచీన సంస్కృత గ్రంథములను వెదకుటకు ఇంతకంటె తగిన చోటు లేదని తన పుస్తకమున వ్రాసెను. కన్నులార చూచుట కాయనకు అవకాశము చిక్కలేదు. విన్నదానిని విన్నట్లుగనే వ్రాసెను. ఆ మాట వ్యర్థము కాలేదు. తరువాత ఖాట్మండున రెసిడెంటుగా నుండిన హాడ్జ్‌సన్ నేవారు పండితుల తోడ్పాటుతో సంస్కృత బౌద్ధగ్రంథములను సేకరించి కలకత్తా, లండను, పారిసులకు పంపెను. వాని సాయముననే బర్నూఫ్ పండితుడు 1844లో భారతీయ బౌద్ధచరిత్రకు పీఠికయనదగిన గ్రంథమును రచించెను. 1907లో హరప్రసాద శాస్త్రి నేపాళ దర్బారు గ్రంథాలయమున చర్యాపదములను కనుగొనెను. వంగభాష ప్రాచీనత దానివలన వెల్లడియైనది. 1970లో నేపాళ, జర్మనీ దేశములు కలిసి మొదలిడిన పనివలన లక్షకు పైగా వ్రాతప్రతులు సూక్ష్మఛాయాచిత్రములుగా భద్రపడినవి. మైదానదేశమున యుద్ధములు, నిప్పు, చెదలు నశింపజేసిన గ్రంథములెన్నో ఆ చల్లని లోయలో, ఇంటింటి అటకలమీద, బ్రదికియుండెను. వానిని నిలిపినవాడు రాయబారి కాడు, రాజును కాడు. దసరాకు దులిపి, గుడ్డలో చుట్టి, మరల యథాస్థానమున నుంచిన గృహస్థులు నిలిపిరి.

ఒకే యాత్రలో పుట్టిన వ్రాత ఒకచేత సైనికునకు ఉపకరించెను. మరియొకచేత విద్వాంసునకు ఉపకరించెను. మూడవచేత ముక్కు కోల్పోయిన కూలీకి సాక్షియయ్యెను. రాయబారము ఫలింపలేదు, రాయబారి దినచర్య ఫలించెను. అయినను కొన్ని వారములుండిన అతిథి చూచినది కొంతయే. దర్బారువారు చూపినది చూచెను, చెప్పినది వినెను. నేవారు స్త్రీల పాటలు, రైతు కష్టసుఖములు, కీర్తిపురము ముసలివారి గొంతులు ఆయనకు అందలేదు. వానిని వ్రాయవలసినవారు ఆ యూరివారే.

కావున గ్రామస్థులకు, చందాదారులకు నాదొక మనవి. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఇతరులు వ్రాసిన పుస్తకములను మనకు చదివించినది. ఇకమీద మనము వ్రాసిన పుస్తకము నొకదానిని తన బీరువాలో నుంచుకొనుగాక. మన చెరువులకు, తూములకు ఆ పేర్లెట్లు వచ్చినవో, ఏ పొలమును పెద్దలు ఏ పేర పిలిచిరో, ఏ వృత్తులవారు ఏ వీధిని వసించిరో, ఏ కరవున ఎవరు వలసపోయిరో, మోట తోలినవారు, బరువులు మోసినవారు ఏమి చెప్పుకొనిరో ముసలివారి నడిగి వ్రాయుదము. విన్నది విన్నట్లు, చూచినది చూచినట్లు వేరువేరుగా గుర్తించి వ్రాయుదము. మనము వ్రాయనిచో ఎవడో దారిన బోవువాడు వ్రాయును. అతడు తన యవసరమునకు తగినట్లు వ్రాయును. పిదప మన మనుమలు దానినే మన చరిత్రయని చదువుదురు. ఈ రజతోత్సవ సమయమున ఒక దళసరి కాగితపు పుస్తకమును కుట్టించి, మొదటి పుటను తెరచియుంచినచో, స్వర్ణోత్సవము నాటికి అది నిండకపోదు.